వదినా అని పిలిచిన మనిషి

ఉపాధ్యాయుల సదస్సు కోసం అనంతపురం నుంచి బాపట్ల వెళ్ళాను. మధ్యలో ఒకరోజు సెలవు దొరికింది. అంతవరకూ సముద్రం చూడనిదాన్ని, ఒంటరిగానే ఒడ్డుకు బయలుదేరాను.

ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ నన్ను చూసి, “ఎండలో నిలబడ్డావేంటి వదినా, ఇటు నీడకి రా” అంది. మా వైపు ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళను అక్కా అంటాం. ఈ వదిన ఏమిటని నవ్వాను.

“అక్కయితే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోద్ది. వదినైతే మా ఇంటికొచ్చే మనిషేగా!” అంది.

పాకలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. చాలాసేపు పిల్లల గురించి చెప్పుకున్నాం. పడవలొచ్చే వేళయింది, చేపల పులుసు తిని వెళ్ళమంది. బస్సు వెళ్ళిపోతుందని లేచాను.

“అయితే మళ్ళీ వచ్చినప్పుడు తిందువుగాని” అని రోడ్డుదాకా సాగనంపింది.

కొన్నేళ్ళకు, డెబ్బై ఏడులో, ఆ తీరం మీద ఉప్పెన విరుచుకుపడింది. పత్రికలో చదివి మనసాగక, దారులు బాగుపడగానే వెళ్ళాను. పాకలున్న చోట ఇసుక మాత్రమే ఉంది. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను ఆవిడ గురించి అడిగాను.

“కొందరు పోయారు, కొందరు ఎటెటో వెళ్ళిపోయారమ్మా. ఆవిడ పేరేంటో చెప్పు, కనుక్కుంటాను” అన్నాడు.

ఆ పూటంతా మేమిద్దరం వదినా వదినా అనే పిలుచుకున్నాం. ఆవిడ పేరు నేను అడగనేలేదు.