ఎక్కువైన రెండు బోల్టులు

బాయిలరు పై డ్రమ్ములోకి దూరే కంత చాలా ఇరుకు. మా ఓడలో అందులో పట్టేంత బక్కవాణ్ణి నేనొక్కణ్ణే. అది నా నైపుణ్యమని నేను, తిన్నది ఒంటపట్టని రోగమని మా ఆవిడ అనుకునేవాళ్లం.

కింద ఒక డ్రమ్ము, పైన ఒక డ్రమ్ము, మధ్య వందల గొట్టాలు. మంట సోకిన గొట్టాల్లో నీళ్లు బుడగలెత్తి, తేలికై పైకి పోతాయి. మంటకు ఎడంగా ఉన్నవాటిలో బరువైన నీళ్లు కిందికి దిగుతాయి. పంపు లేకుండానే తిరుగుడు సాగిపోతుంది. పై డ్రమ్ముకు చేరేసరికి ఆవిరీ నీళ్లూ కలగాపులగం. అక్కడ అడ్డంగా బిగించిన రేకులకు కొట్టుకుని నీళ్లు జారిపోతాయి, పొడి ఆవిరి బయటికి పోతుంది. ఆ రేకులు విప్పి, తోమి, బిగించడమే ఫిట్టరుగా నా విద్య.

ఆ ఏడాది రేవులో ఆ పని ముగించాక చూస్తే జేబులో రెండు బోల్టులు మిగిలాయి. తయారుచేసినవాళ్లే తెలియక రెండు ఎక్కువ పెట్టి ఉంటారని తీర్మానించాను.

బయలుదేరిన మర్నాడు పొద్దున ఆవిరి పైపులు టకటకా కొట్టుకున్నాయి. ఇస్త్రీ యంత్రం కెప్టెన్ గారి తెల్లచొక్కాల మీద తుప్పునీళ్లు ఉమ్మింది. ఆవిరి వెంట నీళ్లూ పోతున్నాయి. బాయిలరు నీళ్లు పరీక్షించే జూనియర్ ఇంజనీరమ్మాయిని పిలిచి, నీళ్లలో కలిపే మందు ఎక్కువేసి, ఆవిరితో పాటు నీళ్లూ లేచిపోయేలా నురగ తెప్పించావని చీఫ్ ఇంజనీరు మందలించారు. పక్కనే నిలబడి, నురగ వల్ల వచ్చే అనర్థాలను నేను ఉదాహరణలతో సహా వివరించాను.

మధ్యాహ్నం ఆమె భోజనానికి రాలేదు. వెళ్లి చూస్తే నాలుగోసారి నీళ్లు పరీక్షిస్తోంది.

"అన్నా, నా తప్పెక్కడో మీకేమైనా తడుతోందా?"

నేరుగా వెళ్లి బోల్టులు చీఫ్ బల్ల మీద పెట్టాను. ఆయన వాటినీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ముందు ఆ అమ్మాయికి చెప్పు. తర్వాత డ్రమ్ములోకి దూరు."

ఆమెకు చెప్పాను. బాయిలరు చల్లారడానికి రోజున్నర పట్టింది. ఓడ డీజిలుతో నడిచేది కాబట్టి ఆగలేదు గానీ, వంటగదికి ఆవిరి లేదు, స్నానాలకు వేడినీళ్లు లేవు. ఓడంతా నా పేరు భక్తిగా తలుచుకుంది. లోపల ఒక రేకు ఊగిపోతూ కనిపించింది. కంత దగ్గర ఆమె టార్చి పట్టుకుంది, నేను బిగించాను. ఆవిరి పొడిబారింది. చొక్కాలు చేత్తో ఉతికాను గానీ మరకలు పోలేదు.

ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టీ కప్పు తెచ్చి నా ముందు పెట్టి వెళ్లింది. చక్కెర లేదు. అడిగే ధైర్యం లేక తాగేశాను.