సువార్తక్క నవ్విన రోజు

మొన్న సూపర్‌మార్కెట్లో బియ్యం సంచి ఎత్తబోతుంటే నా బొటనవేలు తనంతట తానే దాని పిడి కుట్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. గరుకుగా, వరసగా, ఒక్క పోగూ లేవకుండా ఉన్నాయి కుట్లు. వెనక నిలబడ్డ తెల్లావిడ, సంచికి నాడి చూస్తున్న డాక్టరును చూసినట్టు నన్ను చూసింది. మామూలుగా అయితే ఆవిడకొక కథ చెప్పేసేవాణ్ణే. ఈ బియ్యం మా తాత పొలంలోంచి నడిచి వచ్చాయని, కాళ్ళు నొప్పులేమో చూస్తున్నానని. కానీ ఆ వేలికి ఆ నడక నేర్పిన మనిషి గుర్తొచ్చి, సంచి భుజానేసుకుని కదిలాను.

ఇంగ్లండులో నార్తాంప్టన్ శివార్లలో, ముసలివాళ్ళను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నేను చేరేనాటికి సువార్తక్క అక్కడ సీనియర్ నర్సు. ఆవిడది బాపట్ల, మాది నరసాపురం. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. మనిషి పొట్టి, నడక వేగం, పన్నెండు గంటల షిఫ్ట్ చివర కూడా చెదరని పెద్ద ముడి. నేను నలభై దాటాక ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. మా ఇంటిల్లిపాది వీసా ఆ ఒక్క ఉద్యోగానికి వేలాడుతుండేది. మొదటి రోజు అక్క నాకు హాయిస్ట్ చూపించింది. మంచం మీద నుంచి లేవలేని వాళ్ళను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రం అది. దాని కొక్కేలకు తగిలించే బట్ట జోలెను స్లింగ్ అంటారు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బాగుందన్నాను. “ఏందయ్యా రాంబాబూ, చీర బేరమా? కళ్ళతో కాదు, వేలు పెట్టి చూడు. కళ్ళు అలిసిపోతాయి. మనిషిని దీంట్లో పెట్టే ముందు ప్రతి కుట్టూ నీ బొటనవేలి కింద నుంచి పోవాల” అంది.

రోజూ పదకొండు గంటలకు పది నిమిషాల టీ. ఆ బల్ల దగ్గర ఆవిడదొక పద్ధతి ఉండేది. ముందు తన తప్పు తనే చెప్పేది. “ఇవాళ ఒకావిడ మాత్రలు ఇంకొకావిడ కప్పులో పోయబోయి ఆగా. ఫోన్ మోగితే అటు తిరిగా, అదీ సంగతి. మీకేం భయమేసింది ఇవాళ?” అనేది. మొదట్లో ఎవరూ పెదవి విప్పలేదు. పై అధికారి తన తప్పులు తనే చెప్పుకోవడం ఏమిటి, ఇదేదో మమ్మల్ని పట్టుకోవడానికి వేసిన వల అనుకున్నాం. రెండు వారాలు ఆవిడ ఒక్కతే చెప్పింది. తర్వాత ఒకరు తడి నేల సంగతి, ఇంకొకరు బ్రేకు వెయ్యని చక్రాల కుర్చీ సంగతి మెల్లగా బయట పెట్టారు. ఎవరినీ తిట్టలేదు. చెప్పిన చోటికి అప్పటికప్పుడే లేచి వెళ్ళి చూసేది. నా వంతు వచ్చినప్పుడు మాత్రం నేను కోతలు కోసేవాణ్ణి. మా రేవులో ఒక పులస వల చించుకుని, బస్సెక్కి రాజమండ్రిలో దిగిందని చెబితే, “సీటు దొరికిందా దానికి, నిలబడే పోయిందా?” అని నవ్వు కనపడనీకుండా అడిగింది. తర్వాత మగ్గు కింద పెట్టి, “అయిందా? ఇప్పుడు నిజం ఒకటి చెప్పు” అంది. ఏ రోజూ ఆ మాట మరిచేది కాదు.

అలా మూడేళ్ళు గడిచాక, ఒక ఉదయం ఇద్దరు సెలవు పెట్టారు. ఎవరికి ఏ పనో రాసే రోటా చిరిగిన విస్తరిలా ఉంది. రిటైరైన రైలు డ్రైవరు ఆర్థర్‌ను లేపడానికి స్లింగ్ తీసుకుంటే, ఒక పట్టీ దగ్గర నా వేలి కింద పోగులు లేచాయి. మిగతావి లాండ్రీలో ఉన్నాయి. ఇది పక్కన పెట్టేస్తే ఎనిమిది మంది మంచాల్లోనే ఉండిపోతారు, ఆలస్యం ఎందుకైందని మేనేజరు నన్నే అడుగుతాడు. దానితోనే ఎత్తాను. ఏమీ కాలేదు. మళ్ళీ మేకుకు తగిలించాను. టీ దగ్గర అక్క అడిగింది. నేను అందుకున్నాను: “ఆర్థర్ స్లింగులో ఒక పోగు లేచిందక్కా. లాగాను, వస్తూనే ఉంది. దానికి ఆర్థర్‌నే గాలిపటంలా కట్టి వదిలితే కేంబ్రిడ్జ్‌లో దిగాడు. అక్కడ డిగ్రీ చదువుకుని భోజనం వేళకు వచ్చేశాడు.” బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. అక్కకు టీ కొరబోయింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అంతలో ఏదో గదిలో బెల్లు మోగితే లేచి పరిగెత్తింది. నిజం ఒకటి చెప్పమని ఆ ఒక్క రోజే అడగలేదు. నాకు హమ్మయ్య అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అలాగే అనిపించింది.

మర్నాడు నేను పై అంతస్తులో ఉన్నాను. కింద నుంచి దబ్బున చప్పుడు వచ్చింది. పట్టీ తెగింది. ఆర్థర్ జారుతుంటే అక్క అడ్డంగా తన ఒళ్ళు పెట్టింది. ఆయనకు మోచెయ్యి కమిలింది, అంతే. అక్క కుడి భుజం విరిగింది.

పది రోజుల తర్వాత మేనేజరు తన గదిలోకి మా ఇద్దర్నీ పిలిచాడు. స్లింగ్ పాడైందని ముందు ఎవరికైనా తెలుసా అని అడిగాడు. కళ్ళ ముందు నా భార్య, స్కూలు బట్టల్లో కూతురు, వీసా కాగితం. నేను నోరు తెరిచేలోగా, చెయ్యి కట్టుతో ఉన్న అక్క అందుకుంది. “ఇతను ముందు రోజే నాకు చెప్పాడు, అందరి ముందూ. నేను నవ్వాను. మర్నాడు కుట్లు వేలితో చూడకుండా నేనే తగిలించాను. అలాగే రాసుకోండి” అంది. అతను రాసుకున్నాడు. నేను బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ భుజం మళ్ళీ సరిగ్గా లేవలేదు. ఆవిడను కాగితాల పనికి మార్చారు. ఏడాది తిరక్కుండానే మానేసింది. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చి బయట చూశాను. జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది. చెయ్యి వెనక్కి పోనివాళ్ళు ముడి వేసుకోలేరు కదా. ఏదో ఒక కోత కోసి నవ్విద్దామని వెళ్ళి, బాగున్నారా అక్కా అని మాత్రం అడిగి వచ్చేశాను.

జబ్బు చేసి మంచాన పడిందని తెలిసి వెళ్ళేసరికి ఆరేళ్ళు గడిచాయి. వాళ్ళమ్మాయి తలుపు తీసి, “మమ్ ఈజ్ అవేక్, అంకుల్” అని లోపలికి పంపింది. పులస కథ మళ్ళీ చెప్పించుకుని, “అయిందా? ఇప్పుడు నిజం ఒకటి చెప్పు” అంది అక్క. అప్పుడు చెప్పాను. “ఆ రోజు నేను మీకు చెప్పలేదక్కా. మీరు అడక్కుండా ఉండాలని నవ్వించాను.”

“తెలుసులేవయ్యా. ఆఫీసు గదిలో నీ మొహం చూసినప్పుడే తెలుసు.”

“మరి నా మీద వెయ్యలేదేం?”

“అన్నేళ్ళు రోజూ నా తప్పులు చెప్పుకుంటూ కూర్చున్నా గదా. అయినా నా దగ్గర కూడా భయపడి కథ చెప్పావంటే, నేనేం చేసినట్టు?” అంది. అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ చలికాలం దాటకుండానే పోయింది.

ఇప్పుడు పదకొండు గంటల టీ బల్ల నాది. ముందు నా తప్పు చెబుతాను. కోతలూ కోస్తాను, ఆ రోగం పోలేదు. నిన్న ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి అంది, “అంకుల్, ఆ మూడో రూంల మంచం కమ్మి పొద్దుగాల నుంచి నన్ను జూసి ఊగుడే! సలాం కొడుతున్నట్టే ఉంది.” అందరూ నవ్వారు. నాకూ నవ్వు సగం దాకా వచ్చింది. మగ్గు కింద పెట్టి లేచాను.

“అయ్యో, జోకు అంకుల్!” అంది ఆ పిల్ల.

“తెలుసమ్మా, చాలా బాగుంది. చూసొచ్చాక నవ్వుతాను, పద.”