అమ్మమ్మ అట్ట మార్చిన పుస్తకం

మా అమ్మమ్మ నలభై ఏళ్ళు పుస్తకాలు బైండింగు చేసింది. పదకొండో ఏట బడి మాన్పించి, అట్టలు కొయ్యమని వాళ్ళ నాన్న చేతికి కత్తి ఇచ్చాడట. ఆమె ఎడమచేతికి గాటు లేని వేలు లేదు. పుస్తకాల విషయంలో ఇంట్లో ఆమె మాటే మాట. కాదన్నవాళ్ళు ఆ పూట తిట్లతోనే కడుపు నింపుకోవాలి.

అలాంటి మనిషి చేతిలో ఒకరోజు నా ప్రాణాలు పడ్డాయి. పొద్దున నేను బడికి బయల్దేరేముందు, నా మంచం కింద దాచిన పన్నెండు మాంగా పుస్తకాలు అమ్మ కంటపడ్డాయి. మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు; ఇవి తెలుగులోకి మార్చినవి. వీటిలో పెద్దవాళ్ళు ఎవరిని చంపమంటే వాళ్ళని బడి యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు చంపాలి. అమ్మ తెరిచిన పేజీలోనే రెండు జడల పిల్ల కత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"పదమూడేళ్ళకే హత్యలు చదువుతావా?" అని అమ్మ అన్నిటినీ పెట్టెలో పడేసి గుమ్మం దగ్గర పెట్టింది. సాయంత్రం ఐదింటికి పాత కాగితాల బండి వస్తుంది. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి అమ్మ, "సరే, మొదటిది అమ్మమ్మ చదువుతుంది. ఆవిడ ఉంచమంటే ఉంచుతా" అంది. ఆ రోజు బడిలో ఒక్క పాఠం నా బుర్రకెక్కలేదు.

నాలుగున్నరకి పరుగున ఇల్లు చేరాను. అమ్మమ్మ తన బల్ల ముందు ముఖం ముడుచుకుని కూర్చుంది. బల్ల మీద నా పుస్తకం కొత్త గట్టి అట్టతో మెరుస్తోంది.

"ఏం చేశావు అమ్మమ్మా దీన్ని?"

"బాగుచేశాను. ప్రెస్సువాళ్ళు కళ్ళు మూసుకుని పనిచేసినట్టున్నారు. బొమ్మ అట్ట తీసుకెళ్ళి వెనకవైపు అతికించారు. ఊడదీసి ముందుకు తెచ్చాను. అది సరే, ఇదేం కథే? మొదటి పేజీలోనే కత్తి, చేతినిండా నెత్తురు, ఎదురుగా ఇంకో పిల్ల ఏడుస్తోంది. పొడిచిందా? పొడిచాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే డబ్బాలో తింటారు! చివరికొచ్చేసరికి ఒకరి పేరు ఒకరికి తెలీదు. అడక్కముందే జవాబులు చెప్పేస్తారు. వీళ్ళు మనుషులేనా?"

"అయితే పారెయ్యమంటావా?" వంటింట్లోంచి వస్తూ అమ్మ అడిగింది.

"పారెయ్."

నేను బల్ల దగ్గరికి ఉరికాను. "అమ్మమ్మా, ఈ పుస్తకాలు కుడివైపు నుంచి మొదలవుతాయి. ప్రెస్సువాళ్ళు సరిగ్గానే చేశారు. నువ్వే చివర్నుంచి చదివావు."

ఆమె పనిలో తప్పుందని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. అమ్మమ్మ చెవులు ఎర్రబడ్డాయి. వీధి మలుపులో బండి గంట మోగింది. అమ్మ పెట్టె ఎత్తి చంకన పెట్టుకుంది.

"ఆగు" అంది అమ్మమ్మ.

పుస్తకం తిరగేసి, కుడి నుంచి ఎడమకి బొమ్మల మీద వేలు జరుపుతూ మళ్ళీ మొదలుపెట్టింది. మొదట క్లాసులో ఇద్దరు కొత్త పిల్లలు. ఒక మాస్టారు రెండు జడల పిల్లకి కత్తి ఇచ్చి, పక్కన కూర్చునేదాన్ని వారంలోగా చంపమంటాడు. ఆ పక్కపిల్ల తన డబ్బాలో తిండి దీనికి పంచిపెడుతుంది. అమ్మమ్మ వేలు నత్తలా కదులుతోంది. ఇంటింటి దగ్గరా ఆగుతూ బండి గంట మా వీధిలోకి వచ్చేసింది. అమ్మ ఒక కాలు గడప అవతల పెట్టింది. నాకు ఏడుపు తన్నుకొస్తోంది.

చివరి పేజీ వచ్చింది. రెండు జడల పిల్ల కత్తి అంచుని తన పిడికిట్లోనే బిగించి పట్టుకుంది, ఇక ఆ చేత్తో ఎవరినీ పొడవలేకుండా. ఆ నెత్తురు తనదే. ఎదుటి పిల్ల ఏడుస్తున్నది దాని కోసమే.

అమ్మమ్మ చాలాసేపు ఆ చేతినే చూసింది. తన ఎడమచేతిని పేజీ పక్కన పెట్టింది.

"నాకూ ఈ వయసులోనే ఇచ్చారు కత్తి" అంది. "చెయ్యనని చెప్పొచ్చని నాకు తట్టనే లేదు."

తర్వాత అమ్మ వైపు తిరిగింది. "పెట్టె లోపల పెట్టు. తప్పు నాదే. అట్ట నేనే తప్పుగా వేశాను."

అమ్మ గడప అవతల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. గంట మా గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

"రెండోది ఇలా ఇయ్యవే" అని అమ్మమ్మ నా వైపు చెయ్యి చాపింది. "దీని చెయ్యి మానిందో లేదో చూడాలి."