మీరు తిన్నవా

మొన్న మా మనుమరాలు ఫోనులో స్పానిష్ పాఠం నేర్చుకుంటూ "ఉస్తెద్ కోమెస్" అని రాసి తప్పు కొట్టించుకుంది. ఆ భాషలో చనువున్నవాళ్ళను తు అనాలట, మర్యాద ఇవ్వవలసినవాళ్ళను ఉస్తెద్ అనాలట; ఉస్తెద్ అన్నాక కోమె అనాలిగానీ, కోమెస్ అన్నది తు పక్కకు రావలసిన మాటట. మన భాషలో అయితే ఆ తప్పు ఎట్లా వినిపిస్తుందని అడిగింది. మీరు తింటావు అన్నట్టు ఉంటుందని చెప్పానో లేదో, ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గుతో నా ముఖం వేడెక్కింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా వైపు అమ్మనైనా దేవుణ్ణైనా నువ్వు అనే పిలుచుకునేవాళ్ళం, అందులో తక్కువ చేయడమనేది ఎవరికీ తోచేది కాదు. నేను ఆర్మూరు మార్కెట్ యార్డు దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరిన రోజుల్లో, మాక్లూర్ దగ్గరి మా ఊరినుంచి పసుపు అమ్ముకోవడానికి వచ్చిన నాయన మధ్యాహ్నం నన్ను చూసిపోదామని లోపలికి వచ్చాడు. అప్పటిదాకా అన్నం ముట్టకుండా కాగితాల మీద వంగి ఉన్న మా ఆఫీసరును చూసి ఆయన ప్రాణం ఊరుకోలేదు.

"ఇంక తినలేదా సారూ నువ్వు? జర తిని రాసుకో," అన్నాడు.

ఆఫీసరు తలెత్తి, మీ నాయనకు మర్యాద ఎవరూ నేర్పలేదా అని నన్నడిగాడు. గదంతా నవ్వింది. నాయన పసుపంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, నేను టైపు మిషను మీదికి తల వంచుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన గడపలోనే ఉన్నాడు.

"మీరు తిన్నవా బిడ్డా?"

నాతో అట్లా ఎందుకు మాట్లాడుతున్నావని అడిగాను.

"నోరు తిరగాలె గద బిడ్డా. మల్ల నేను గాడికొస్తే నీ ఇజ్జత్ పోవద్దు."

ఆనాటినుంచి ఇంట్లో అందరిమీదా సాధన మొదలైంది. ఆఖరికి బర్రెను కూడా మీరు జర పక్కకు జరుగు అంటుంటే అమ్మ పడీపడీ నవ్వేది, నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మీరు అన్న మాట వచ్చిందిగానీ, దాని వెనక వచ్చే మాట ఆయన నోట ఎన్నడూ తిరగలేదు. అంత నేర్చుకుని కూడా నాయన మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు.

ఇప్పుడు ఆర్మూరులో బ్యాంకులోనూ, మందుల దుకాణంలోనూ అందరూ నన్ను మీరు అనే అంటారు. మనుమరాలు పాఠం ముగించి, మీరు తిన్నారా అమ్మమ్మా అని అడిగింది. బడిలో నేర్పిన మర్యాద, ఎక్కడా తప్పు లేదు. తిన్నానన్నాను. నన్ను నువ్వు అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు ఒక్కరూ లేరు.