కొవ్వులో దాగిన నిద్ర

తిరువూరులో అంకారావు బొజ్జని ఆటపట్టించని వాళ్లు లేరు. ఆ పుణ్యమంతా భార్య ప్రమీలారాణిది. ప్రేమ చూపించడమంటే ఆవిడకి ఇంకో గరిటె నెయ్యి వెయ్యడమే. పెళ్లినాటికి పుల్లలా ఉన్న మనిషిని తానే మనిషిని చేశానని గర్వం కూడాను. ఆయనకా, వద్దనడం చేతకాదు.

ఈ వేసవిలో రెడ్డిగూడెం దగ్గర మామిడితోటలో కాయ కోయిస్తూ ఆయన గుండె ఆగి పడిపోయాడు. విజయవాడ ఆసుపత్రిలో గుండె మళ్లీ కొట్టుకునేలా చేశారు. గొంతులో గొట్టం వేసి, అది ఓర్చుకోవడానికి రోజుల తరబడి నిద్రమందు ఎక్కించారు. తర్వాత ఆపేశారు. ఆయన మాత్రం కళ్లు తెరవలేదు.

డాక్టరు సుధామయి ఓపిగ్గా వివరించింది. ఒక్క మోతాదు ఇస్తే మందు మెదడుని తొందరగానే వదిలేస్తుందట. ఇన్నాళ్లు ఎక్కిస్తే రక్తంలోంచి కండల్లోకీ కొవ్వులోకీ ఇంకుతుందట. ఆపాక అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా మళ్లీ రక్తంలోకి వస్తుంది కాబట్టి లావుపాటి వాళ్లు ఆలస్యంగా లేస్తారు. ఇది మత్తో, మెదడు దెబ్బతినడమో మందంతా దిగితేగాని తేలదంది.

ఆవకాయ ముక్కలోకి ఉప్పు ఇంకినట్టన్నమాట అనుకుంది ప్రమీలారాణి. ఆ కొవ్వంతా తన చేతి చలవేనని మొదట కుమిలి కుమిలి ఏడ్చింది. రోజులు గడిచేకొద్దీ ఆ కొవ్వే ఆవిడకి దిక్కయింది. ఇంకా లేవలేదా అని చుట్టాలు అడిగితే, లావు మనిషి కదా, టైం పట్టదా అని కసురుకునేది. ఆయన పొట్ట నిమిరి ధైర్యం తెచ్చుకునేది. మందు దిగాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

ఒక మధ్యాహ్నం సుధామయి ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టింది. రక్తం పరీక్ష చేయించామనీ, మెదడుకి స్కానింగు కూడా తీశామనీ చెప్పింది.

"మందంతా దిగిపోయిందమ్మా. ఆయన లేవకపోవడం ఇక మందువల్ల కాదు."

ప్రమీలారాణి డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి చూడండి మేడం. మా ఆయన బాగా లావండి. ఎక్కడో కాస్త మిగిలే ఉంటుంది."

సుధామయి చెయ్యి లాక్కోలేదు. తల అడ్డంగా ఊపింది.

ప్రమీలారాణి ఆ చెయ్యి వదిలేసింది. "ఇంకాస్త ఎక్కువ నెయ్యి వెయ్యాల్సిందండి నేను" అంది.