పింజలో సందు

దయ్యాలను నేను నమ్మను. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు నడిపిన మా తాత, కొలవలేనిది ఏదీ లేదనేవాడు. తాత పోయాడు, మిల్లు పోయింది, ఇంటిపేరు మిగిలింది. ఎవరి జాలి కోసమో ఈ మాట రాయడం లేదు.

గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ పరిశోధనా పద్ధతుల పేపరే దెబ్బ కొట్టింది. ఈసారి సీటు రాకపోతే వచ్చే ఏడు ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్లు చెప్పేశారు.

బ్రాడీపేటలో నా అద్దె గదికి రెండు వీధుల అవతల పద్మజ ఆ పేపరుకు కోచింగ్ ఇస్తుంది. ఆమె తండ్రి మా మిల్లులో పత్తి తూచే గుమస్తా. మా తాత ముందు ఆయన ఏనాడూ కూర్చోలేదు. ఆయన కూతురి ముందు బెంచీ మీద నేను కూర్చోవడమా? పుస్తకం కొని సొంతంగా చదువుకున్నాను.

ఒక మధ్యాహ్నం హోటల్లో భోజనం చేసి వచ్చి పుస్తకం తెరిచాను. శాంపిలింగ్ అధ్యాయంలో, పేజీ మధ్యలో, పత్తి పింజ ఉంది. గాలికి ఎగిరొచ్చిన దూది కాదు. పోగులు వేళ్లతో సాగదీసి, కొసలు సమంగా తీర్చి పరిచినది. పత్తి కొనేవాళ్లు పింజ పొడవు చూసేది అలాగే. తీసి పారేశాను.

మర్నాడు అదే పేజీలో మళ్లీ ఉంది. మూడోరోజు పుస్తకాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లాను. వచ్చి చూస్తే, ఉంది. ఇంటావిడను అడిగాను.

"పత్తా? మా ఇంట్లో తలగడలు కూడా ఫోమువే బాబూ. ఎండన పడి తిరగమాకండి" అంది.

పత్తి ఎరిగిన ఇంటి మనిషి ఆ చుట్టుపక్కల పద్మజ ఒక్కతే. పింజను కాగితంలో మడిచి తీసుకెళ్లాను. ఆమె కిటికీ వెలుగులో దాన్ని చాలాసేపు చూసింది. పోగుల మధ్య సన్నటి సందు ఉందని అప్పుడే నేనూ గమనించాను.

"ఇది మీ తాతగారు, పెద్దయ్యగారు తీసిన పింజండీ! చూపుడువేలు సగం మిషన్లో పోయిందిగా, ఆయన తీస్తే మధ్యలో ఇట్టా సందు పడేదని మా నాన్న చెప్పేవాడు. ఎక్కడ దొరికింది?"

"పెట్టెలో" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"బోరెం పైన పత్తి ఆయన ముట్టుకునేవారే కాదంట. భుజం దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి లాగేవారంట. శాంపిలింగ్ అంటే అదేగా! మీరేంటండీ, పైపైన తడిమి రెండుసార్లు తప్పారు? రేపు పదింటికి రండి బాబుగారూ. బెంచీ తుడిపించి ఉంచుతాలెండి."

వెళ్లాను. చివరి బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు నుంచి పింజ కనిపించలేదు. పరీక్ష పాసయ్యాను, సీటు వచ్చింది.

నిద్రలో నేనే ఆ పని చేశానేమోనని అనుమానపడ్డాను. పత్తి తెచ్చి, చూపుడువేలు మడిచి, ఎన్నిసార్లో తీసి చూశాను. నా పింజలో సందు పడలేదు.

గుమస్తాను ఎదుట కూర్చోనివ్వని మనిషి, ఆ గుమస్తా కూతురి ఎదుట నన్ను కూర్చోబెట్టాడంటే నేను నమ్మను. నమ్మకపోతే, ఆ సందుకు నా దగ్గర జవాబు లేదు.