పడవ దగ్గర అడిగిన ప్రశ్న

గౌరి అదే వాక్యం దగ్గర మళ్లీ ఆగింది. శుక్రవారం మధ్యాహ్నం, స్కూల్ లైబ్రరీలో చివరి రిహార్సల్. ఎంత పెద్ద పేరానైనా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పే పిల్ల, "తీరానికి చేరిన మత్స్యకారులను స్వయంగా ప్రశ్నించగా" అన్న చోటికి వచ్చేసరికి తడబడుతోంది. మొదటిసారి అలసట అనుకున్నాను. రెండోసారి తన కళ్లు కార్డు మీద కాకుండా కిటికీ మీద ఉన్నాయని గమనించాను. మర్నాడు విజయనగరంలో ఫైనల్.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లైబ్రేరియన్‌గా చేరాను. మరుసటి ఏడాది డిబేట్ జట్టు బాధ్యత కూడా అప్పగించారు. ఉద్యోగం మానేసి ఇప్పటికి ఏడాది దాటింది. పిల్లలిద్దరూ పడుకున్నాక కాస్త సమయం దొరికితే ఇలా రాసుకుంటున్నాను. డిబేట్ అంటే ధాటిగా మాట్లాడటం అనుకునేవాళ్లు చాలామంది. ఒక ప్రభుత్వ విధానం మీద వాదించే ఈ విధాన చర్చలో మాట్లాడటం చివరి పని. అంతకు ముందు నెలల తరబడి జరిగేది వెతకడం.

పద్ధతి ఇది. సీజను మొత్తానికీ ఒకే అంశం ఇస్తారు. ఆ ఏడాది అంశం, సముద్రంలో వేసవి వేట నిషేధాన్ని ఇంకా పొడిగించాలా వద్దా అన్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏటా కొన్ని వారాలు బోట్లను ఆపేస్తుంది కదా, దాని గురించి. జట్టుకి ఇద్దరు. అనుకూలమో ప్రతికూలమో టాస్ వేసేదాకా తెలియదు కాబట్టి రెండు వైపులా సిద్ధం కావాలి. చెప్పే ప్రతి వాదానికీ ఒక ఆధారం కార్డు ఉండాలి. కార్డు పైన రాసినవారెవరు, వారి అర్హత ఏమిటి, ఏ ఏడు, ఎక్కడ దొరికింది అన్న వివరాలు, కింద అసలు పేరా పూర్తిగా. నచ్చిన వాక్యం ఉంచుకుని నచ్చనిది తీసేస్తే జట్టును పోటీ నుంచే తప్పిస్తారు. తప్పని తెలిసి వాడిన ఆధారానికీ అదే శిక్ష. కార్డులన్నీ ముందురోజు సాయంత్రం ఆరులోగా కన్వీనర్‌కి మెయిల్ చెయ్యాలి. ఆయన వాటి నకలు ఎదుటి జట్టుకి పంపుతారు. ఆరు దాటాక కామా కూడా మార్చడానికి లేదు.

మా జట్టులో ఇద్దరూ పదో తరగతి. హారిక వాళ్లది టౌన్లో కిరాణా హోల్‌సేల్ కొట్టు. గౌరిది భావనపాడు. వాళ్ల నాన్న ఎర్రయ్య సముద్రం మీద వేటకు వెళ్తాడు, పిల్ల హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ ఫైనల్ గెలిచిన జట్టుకి విశాఖలో ఒక జూనియర్ కాలేజీ హాస్టల్‌తో సహా సీటు ఇస్తామంది. హారికకి ఆ సీటుతో పెద్ద పని లేదు. గౌరికి అది తప్ప వేరే దారి కనపడటం లేదు. పది అవగానే అక్క వెళ్తున్న రొయ్యల ఫ్యాక్టరీకే తననీ పంపుదామని ఇంట్లో మాట నడుస్తోందని నాకు తెలుసు.

నిషేధం పొడిగించాలనే మా వాదానికి వెన్నెముక ఒక విశ్వవిద్యాలయం వాళ్ల సర్వే నివేదిక. మొదట అది మాకు ఒక దినపత్రిక వార్తగా దొరికింది: తీరం దగ్గర చేపలు కరువయ్యాయి, నిషేధం పొడిగించాలి అని. వార్తను ఆధారంగా వాడనివ్వను అని నేను మొదటి రోజు నుంచీ చెప్పేదాన్ని. వార్త నుంచి నివేదికకు వెళ్లాలి, నివేదికలో ముగింపు నుంచి పద్ధతి రాసిన పేజీకి వెళ్లాలి. ఎవరిని అడిగారు, ఎలా అడిగారు అన్నది అక్కడే ఉంటుంది. పూర్తి నివేదిక కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, అది మా చేతికి వచ్చింది గురువారం. గౌరి పద్ధతి పేజీ చదివింది కూడా గురువారమే. ఆ రాత్రే కార్డు తయారుచేసి కన్వీనర్‌కి పంపేశాం, ఆయన నుంచి ఎదుటి జట్టుకీ వెళ్లింది.

రిహార్సల్ ఆపి, ఏమైందని అడిగాను.

"ఆ మాట నిజం కాదు టీచర్," అంది గౌరి.

"ఏ మాట?"

"మా నాన్న సెప్పింది."

అప్పుడు మెల్లగా చెప్పుకొచ్చింది. సర్వే చేసిన ఊళ్లలో భావనపాడు ఒకటి. ప్యాడ్లు పట్టుకుని కాలేజీ పిల్లలు ఒడ్డు మీదికి వచ్చిన రోజు గౌరి అక్కడే ఉంది. తండ్రి పడవ దిగుతుంటే, ఈరోజు ఎంత పడిందండీ అని అడిగారు. ఆయన 'కూరకొచ్చింది బాబూ' అన్నాడు, అంటే ఇంట్లో కూరకు సరిపడా మాత్రమే పడిందని. వాళ్లు అదే రాసుకున్నారు. పడవ అడుగున చందువా, వంజరం నిండుగా ఉన్నాయి. పక్క పడవల వాళ్లూ అదే మాట అన్నారు. ఎందుకంటే వాళ్ల ఊళ్లో పడవ దిగేటప్పుడు ఎంత పడిందో ఎవరూ చెప్పరు. చెప్తే దిష్టి తగులుతుందంటారు. పైగా మర్నాడు పది పడవలు అదే చోట వల వేస్తాయి. ఇంట్లోవాళ్లైనా ఆ వేళప్పుడు అడగరు. వల ఖాళీగా వచ్చినా కూరకొచ్చిందనే, నిండినా కూరకొచ్చిందనే.

హారిక కార్డుల కట్ట బల్ల మీద పడేసింది.

"ఒసే గౌరీ, నిన్నటేల నుంచి తెలిసి నోరు మూసుకు కూకున్నావా? రేపు పోటీ పెట్టుకోని ఇప్పుడా సెప్తావు? అలాగబద్దం ఆడితే ఎలాగే మీవోళ్లు?"

"మీ కొట్టుకొచ్చి బేరాలెలాగున్నాయని అడిగితే మీ నాన్న ఏటంటాడే?" అంది గౌరి.

"ఏదో అంతంత మాత్రం అంటాడు," అని ఒప్పుకుంది హారిక.

ఇంకో రోజైతే ముగ్గురం నవ్వేవాళ్లం. మాది పాతపట్నంలో బట్టల కొట్టు. మా నాన్న కూడా పండగ ముందు రోజు కొట్టు కిటకిటలాడుతున్నా ఆ మాటే అనేవారు. ఎవరూ దాన్ని అబద్ధం అనుకోరు, ఎవరూ దాన్ని లెక్క అని కూడా అనుకోరు. ఇక్కడ దాన్నే లెక్కగా అచ్చు వేశారు.

హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవారు కాదు. స్కూలు పేరు మొదటిసారి ఫైనల్‌కి ఎక్కిందన్న తొందరలో ఉన్నారు. "అచ్చులో ఉందా? ఉంది. మన పిల్లలు కల్పించారా? లేదు. ఇంకేటమ్మా మీ బెంగ?" అన్నారు. గౌరికి తెలుసు, ఇప్పుడు నాకు తెలుసు, నిబంధన మాకు వర్తిస్తుంది అన్నాను. ఎదుటి జట్టులో తీరం పిల్లలు ఉంటే ఈ ప్రశ్న వాళ్లే అడుగుతారు, అప్పుడు గౌరి స్టేజి మీద నిలబడి తన ఊరి అలవాటు తెలియనట్టు నటించాలి అని కూడా చెప్పాను. ఆయన గడియారం వైపు చూసి, ఆరులోపు ఇంకో ఆధారం దొరికితే మార్చుకోండి, దొరక్కపోతే ఉన్నదాంతోనే వెళ్లండి అన్నారు. దొరక్కపోయినా ఆ కార్డుతో వెళ్లనని ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం ఆ క్షణాన లేదు.

ఈలోగా ఫోన్ మోగింది. మా చిన్నవాడికి పొద్దుటి నుంచి జ్వరం, అత్తయ్య దగ్గర వదిలి వచ్చాను. సిరప్ ఎంత పోయాలో అడగడానికి చేశారు, అంతే.

తిరిగి వచ్చేసరికి ఆడపిల్లలిద్దరూ మాట్లాడుకోవడం లేదు. నేను గౌరిని ఒక్కటే అడిగాను: పడవ దగ్గర చెప్పరు సరే, మరి ఎక్కడ తెలుస్తుంది? ఆలోచించకుండానే జవాబు చెప్పింది. "పాట కాడ టీచర్. అక్కడ గంపలు తూకానికొచ్చేస్తాయి. అక్కడేటీ దాయలేరు." ఒడ్డు మీద వ్యాపారులు చేపల్ని వేలం పాడుకునే చోటు అది. అంటే మాకు కావలసింది మనుషుల్ని అడిగి రాసినది కాదు, పాట దగ్గర కూర్చుని చూసి రాసినది.

అలాంటిది ఇంటర్నెట్‌లో దొరకదు. ఎక్కడో వేరే దేశాల సముద్రాల గురించి దొరుకుతుంది. మన తీరం మీద పనిచేసినవారి పరిశోధనలు చాలావరకు కాలేజీ లైబ్రరీల బీరువాల్లోనే ఉండిపోతాయి. ఆటో ఎక్కి టౌన్లో ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లాం. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు బయటికి ఇవ్వరు. జిరాక్స్ తీయాలంటే విభాగాధిపతి సంతకం కావాలి, ఆయన సెలవులో ఉన్నారు. అక్కడి లైబ్రేరియన్ నా ముఖం చూసి, ఇక్కడే కూర్చుని ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే అభ్యంతరం లేదన్నారు. ముగ్గురం మూడు అరలు పంచుకున్నాం. పేర్లను బట్టి వెతకొద్దు, పద్ధతి అధ్యాయం తెరిచి చూడండి అని చెప్పాను. హారిక గౌరితో పలకకుండానే పుస్తకాలు అందిస్తూ పోయింది.

దొరికింది హారికకే. జంతుశాస్త్రంలో ఒక పరిశోధకురాలు చాలా ఊళ్లలో పాట దగ్గర కూర్చుని, తూకానికి వచ్చిన చేపల్ని రకాలవారీగా రాసుకుని చేసిన పని. మత్స్యకారులను పడవ దగ్గర ప్రశ్నించడం వల్ల సరైన సమాచారం రాదని ముందే ఒక పేరాలో రాసిపెట్టింది. హారిక ఆ పేరా మీద వేలు పెట్టి, పుస్తకాన్ని గౌరి ముందుకు తోసింది. "సూడవే, మీ నాన్న సంగతి ఈవిడకెప్పుడో తెలిసిపోయింది," అంది. అలా వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి.

కాని ముగింపు మాకు పూర్తిగా అనుకూలంగా లేదు. సముద్రం ఖాళీ అయిందని ఆమె అనలేదు. కొన్ని పెద్ద రకాలు తగ్గుతున్నాయి, చిన్నవి తగ్గినట్టు కనపడలేదు, నిషేధం పొడిగిస్తే లాభం ఆ కొన్నిటికే అంది. పాత కార్డు అరుపైతే ఇది మామూలు మాట. వాదం మొత్తాన్నీ దానికి సరిపడేలా తగ్గించాలి.

ఇంకో చిక్కు మిగిలింది. కార్డు వెనక్కి తీసుకుంటే కారణం రాసివ్వాలి, దాన్ని రేపు రౌండ్ మొదట్లో పైకి చదువుతారు. మా నాన్న అబద్ధం ఆడాడని అందరి ముందూ చదువుతారా టీచర్ అని గౌరి అడిగింది. ఎవరి పేరూ రాయనక్కర్లేదన్నాను. అయినా ఆయన్ని అడగకుండా రాయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆటోలోంచే ఎర్రయ్యకి ఫోన్ చేసి విషయమంతా చెప్పాను. అవతల గాలి హోరుగా ఉంది.

"అబద్దం కాదమ్మా అది. అలాగే అనాల," అన్నాడు. "రాసీండి. నా పేరెందుకు, ఊరంతా అదే అంటాది."

మర్నాడు పోటీ ఎలా ఉంటుంది, పిల్ల గెలుస్తుందా అని ఒక్క మాటైనా అడగలేదు. అడగకపోవడం ఎందుకో నాకు అప్పటికి తెలుసు.

స్కూలుకొచ్చి హారిక టైపు చేసింది, గౌరి చదివి సరిచూసింది. ఆరు కొట్టే ముందు మెయిల్ వెళ్లింది. వెళ్లినట్టు తెర మీద కనపడేదాకా ముగ్గురం ఊపిరి బిగపట్టే ఉన్నాం.

విజయనగరంలో టాస్ మాకు అనుకూల పక్షం ఇచ్చింది. గౌరి ఊళ్లో పడవ దగ్గర అడిగితే ఎవరూ అసలు లెక్క చెప్పరన్న కారణంతో సహా, కన్వీనర్ మా ఉపసంహరణ పత్రాన్ని చదివారు. ఎదుటి జట్టు కుర్రవాడు తెలివైనవాడు. ప్రశ్నల వంతు రాగానే నేరుగా గౌరినే అడిగాడు: "మీ ఊరివాళ్ల మాట నమ్మొద్దని మీరే రాసిచ్చారు కదా. ఇంక ఈ విషయంలో ఎవరి మాటైనా ఎందుకు నమ్మాలి?"

హాల్లో కొందరు నవ్వారు. గౌరి కిటికీ వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు.

"మాట నమ్మొద్దని రాయలేదండి," అంది. "పడవ దగ్గర అడగొద్దని రాశాం. పాట దగ్గర చూసి రాసిన పేజీ మీ చేతిలోనే ఉంది."

అతను తన ఫైల్ తిరగేశాడు. అందులో ఉన్నవన్నీ మేం వెనక్కి తీసుకున్న కార్డుకు జవాబులు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు మాకు ఓటు వేశారు. మూడో ఆయన, వాదమంతా ఒకే సిద్ధాంత గ్రంథం మీద ఆధారపడిందని రాశారు. ఆ మాట సరైనదే. తర్వాతి ఏడాది జట్లకు ఆయన రాసిన వాక్యాన్నే మొదట చదివి వినిపించేదాన్ని. గౌరి విశాఖలో ఇంటర్‌లో చేరింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. ఒక మాట ఆధారం కావాలంటే అది ఎవరన్నారో తెలిస్తే చాలదు. ఎక్కడ నిలబడి, ఏ వేళప్పుడు అడిగితే అన్నారో కూడా తెలియాలి. అచ్చుపడటం వల్ల ఆ లోటు తీరదు.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి చిన్నవాడికి జ్వరం తగ్గింది. పొద్దున్నే వాణ్ని ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిస్తుంటే, అప్పటికి ఒకటో తరగతి చదువుతున్న మా పెద్దది పక్కలోంచి లేచి వచ్చి, "మీ స్కూలోళ్లు గెలిచారా అమ్మా?" అని అడిగింది.

"కూరకొచ్చింది," అన్నాను.

అది నా ముఖం వైపు అనుమానంగా చూసి, వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలన్నీ తీసి చూసి వచ్చింది. "కూరేటీ లేదు," అంది.

అప్పుడు పిల్లలిద్దరికీ చెప్పాను, చిన్నవాడికి అర్థం కాకపోయినా. గెలిచారు అని చెప్పాను. ఎవరేం చెప్పినా, నేను చెప్పినా సరే, ఇప్పుడు చూసినట్టే మూత తీసి చూసుకోమని చెప్పాను.